గడప అవతలి బీరువా

ఆ రోజుల్లో ఆఫీసులో ఎవరు ఎంత పెద్దవాళ్ళో తెలుసుకోవాలంటే హోదాలు అడగనక్కరలేదు, ఎవరు ఎన్నిసార్లు కుర్చీలోంచి లేస్తున్నారో గమనిస్తే సరిపోయేది. క్షణం కూర్చోనివాడు అటెండరు. పిలిస్తే లేచేవాడు గుమాస్తా. భోజనానికి మాత్రమే లేచేవారు సూపరింటెండెంటు. ఎవరొచ్చినా లేవనివారు ఆఫీసరు. ఈ లెక్కన, మా యూనివర్సిటీ పరీక్షల విభాగంలో గుమాస్తాగా చేరిన మూడో నెలకే నేను ఆఫీసర్లందరినీ దాటేశాను. (వాళ్ళు కనీసం సంతకం పెట్టడానికి ముందుకు వంగేవాళ్ళు.) అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. ఇప్పుడు నలభై నాలుగు. మధ్యలో ఈ పద్దెనిమిదేళ్ళూ ఒక అబద్ధాన్ని ఇంట్లో టీవీ పక్కన పెట్టుకుని, వారానికోసారి గుడ్డతో తుడుస్తూ వచ్చాను. అదొక స్టీలు కప్పు. దాని మీద నా పేరు, పేరు కింద ‘అత్యధిక అడుగులు’ అన్న రెండు మాటలు చెక్కి ఉంటాయి.

కిందటి వారం మా సెక్షన్లో కొత్తగా చేరిన అమ్మాయి నా టేబుల్ దగ్గరికొచ్చి, "సార్, పనివేళల్లో అందరూ జర లేచి తిరగాలని మళ్ళ ప్రోగ్రామ్ పెడ్తున్నరంట. ఈసారి ఫోన్లనే అడుగులు లెక్క పడ్తయ్. మీరు అప్పట్ల ఛాంపియన్ అంట కద! ఓపెనింగ్ రోజు రెండు మాటలు చెప్పాలె సార్" అంది. "చూద్దాం లేమ్మా" అన్నాను. ఇంటికొచ్చి కప్పు తుడవబోయి గుడ్డ పక్కన పెట్టేశాను. మైకు పట్టుకుని రెండోసారి అదే అబద్ధం చెప్పే ఓపిక లేదు. అందుకే జరిగింది జరిగినట్టు ముందుగా ఇక్కడ రాస్తున్నాను.

నా సంగతి చెప్పాలంటే నా కుర్చీతో మొదలుపెట్టాలి. దానికి ఐదు చక్రాలు. నేలకేసి కాలితో ఒక తన్ను తంతే టేబుల్ నుంచి కంప్యూటర్ దాకా, ఇంకో తన్ను తంతే విద్యార్థులు వచ్చి నిలబడే కిటికీ దాకా దొర్లేది. టీ కావాలంటే ఒక కేక, ఫైలు కావాలంటే ఇంకాస్త పెద్ద కేక. ఉదయం తార్నాకలో నా అద్దె గది మెట్ల కింద బండెక్కితే ఆఫీసు మెట్ల ముందు దిగేవాణ్ణి. ఆ గది కూడా, కింద కర్రీ పాయింటు ఉందని చూసుకునే తీసుకున్నాను. మా సూపరింటెండెంటు మేడమ్‌ది గుంటూరు వైపు. వాళ్ళ నాన్నగారు చర్చి బడిలో టీచరు. లోగొంతుతో ఏదో కీర్తన పాడుకుంటూ ఫైళ్ళు తిరగేసేవారు. నేను దొర్లినప్పుడల్లా పాట ఆపి, "ఏం బాబూ, కుర్చీకి చక్రాలున్నాయని నీ కాళ్ళు రిటైరైపోయాయా?" అనేవారు. "లేదు మేడమ్, లీవులో ఉన్నాయి" అనేవాణ్ణి.

ఆ కుర్చీకి ఒకే ఒక్క హద్దు ఉండేది. మాది పాత రాతి కట్టడం. తప్పులు దిద్దాక తయారైన సర్టిఫికెట్లు పెట్టే ఇనుప బీరువా పక్క గదిలో ఉండేది. రెండు గదులకూ మధ్య జానెడెత్తు రాతి గడప. నా కుర్చీ దాని దాకా దొర్లి టక్కుమని ఆగిపోయేది. గడప నుంచి బీరువాకు ఆరు అంగలు. ఆ ఆరు అంగల సంగతి ముందు ముందు వస్తుంది. (నిజానికి ఈ కథంతా ఆ ఆరు అంగలే.)

ఇలా సుఖంగా ఉండగా మాకు కొత్త డిప్యూటీ రిజిస్ట్రార్ వచ్చారు. మంచి ప్యాంటు, మంచి షర్టు, కింద మాత్రం పరిగెత్తేవాళ్ళ బూట్లు. లిఫ్టు ఎక్కరు, కారు గేటు దగ్గరే వదిలేస్తారు. మేం ఆయనకు నడక సార్ అని పేరు పెట్టుకున్నాం. వచ్చిన నెలకే అందర్నీ హాల్లో సమావేశపరచి, "కుర్చీ ఉన్నది కూర్చోవడానికి కాదయ్యా, మధ్యమధ్యలో లేవడానికి!" అని ప్రకటించి, తలా ఒక అగ్గిపెట్టెంత యంత్రం పంచారు. దాన్ని నడుముకు తగిలించుకుంటే రోజంతా వేసిన అడుగులు లెక్కపెడుతుంది. సాయంత్రం ఆ అంకె రిజిస్టర్లో రాయాలి. నెలాఖరుకు ఎవరివి ఎక్కువుంటే వాళ్ళకు కప్పు. అటెండర్లకు మాత్రం ఆ యంత్రం ఇవ్వలేదు. "వాళ్ళు ఎలాగూ నడుస్తూనే ఉంటారుగా" అన్నారు సార్. అది ఎంత తమాషా మాటో అప్పుడు ఎవరికీ తట్టలేదు.

మొదటి రోజు నా లెక్క నాలుగు వందల పన్నెండు. మేడమ్ రిజిస్టర్ చూసి, "అందులో పన్నెండు నువ్వు తుమ్మినవై ఉంటాయి" అన్నారు. నాకు రోషం వచ్చింది గానీ లేవబుద్ధి కాలేదు. యంత్రాన్ని మోకాలికి కట్టుకుని టేబుల్ కింద కాలు ఊపాను. గంటకు కాలు పట్టేసింది, లెక్క రెండు వందలు దాటలేదు. మర్నాడు దాన్ని అటూ ఇటూ తల తిప్పే టేబుల్ ఫ్యాన్‌కు దారంతో కడుతున్నాను. ఫైళ్ళ కట్టతో లోపలికి వచ్చిన గిర్నీ కాక గుమ్మంలోనే ఆగిపోయాడు.

గిర్నీ కాక మా సెక్షన్ అటెండరు. యాభై దాటిన మనిషి, సన్నగా, నల్లగా, అరిగిపోయిన తోలుచెప్పులతో ఉండేవాడు. ఇల్లు క్యాంపస్‌ను ఆనుకుని ఉన్న మాణికేశ్వర్ నగర్‌లో. పిండిగిర్నీ తిరిగినట్టు పొద్దస్తమానం తిరుగుతూనే ఉంటాడని ఆ పేరు.

"ఏంది సారు, ఫ్యాన్‌కు తాయత్తు కడ్తున్నరు? దిష్టి తాకిందా ఏంది?"

"తాయత్తు కాదు కాకా, అడుగులు లెక్కవెట్టే మిషిని. నడుముకు వెట్టుకొని నడవాలె."

"మరి నడువరాదు?"

"నేను నడిస్తే పని ఎవడు చేస్తడు?"

కాక నా టేబుల్ వైపు, దాని మీద ఖాళీ టీ గ్లాసుల వైపు చూశాడు. చెయ్యి చాపి, "నాకియ్యిర్రి. నేనెట్లనో తిరిగేటోన్నే. నాతోని అది గూడ తిరుగుతది" అన్నాడు.

ఇంతకన్నా మంచి ఏర్పాటు ఉంటుందని నాకు తోచలేదు.

ముసురు పట్టిన ఆ సాయంత్రం కాక తడిసిన చొక్కాతో వచ్చి యంత్రాన్ని తుడిచి నా టేబుల్ మీద పెట్టాడు. చూశాను. ఇరవై ఒక్క వేల ఆరు వందల నలభై. కళ్ళు నలుపుకుని మళ్ళీ చూశాను. "ఎన్నయినయి సారు?" అన్నాడు కాక. "ఆఁ, మంచిగనే అయినయ్" అన్నానే గానీ అంకె చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, మోసం చేసేవాడికి అనుకున్నదానికన్నా ఎక్కువ లాభం వస్తే సంతోషం కలగాలి గదా, నాకు మాత్రం అనుమానం కలిగింది. కాక రోజూ తిరిగేది ఎంత? మా సెక్షన్ నుంచి అకౌంట్సుకు, అక్కడి నుంచి పరిపాలన భవనానికి, లైబ్రరీ మీదుగా వెనక్కి. రోజుకు రెండుసార్లు. దానికి ఇరవై ఒక్క వేలా?

మర్నాడూ అంతే. ఆ మర్నాడు ఇంకో రెండు వేలు ఎక్కువ. నాకు నిద్ర పట్టని జబ్బు పట్టుకుంది. "కాకా, దినమంతా యాడ తిరుగుతున్నవ్?" అని అడిగితే, "తిరిగేకాడనే తిరుగుతున్న సారు" అన్నాడు. పేకాటేమో అనుకున్నాను, కానీ పేకాటలో అడుగులు పడవు. ఇంకెక్కడో రెండో ఉద్యోగమేమో? మేడమ్‌ను మాటల్లో పెట్టి అడిగితే, "నీకు ఉన్నట్టుండి అతని మీద ఇంత ప్రేమేంటి బాబూ?" అని కళ్ళద్దాల మీదుగా చూశారు. చివరికి ఒక మధ్యాహ్నం నేనే లేచి, నోటితో అడుగులు లెక్కపెట్టుకుంటూ ఆ ఫైళ్ళ దారంతా తిరిగాను. రెండు వేల ఏడు వందల దగ్గర తెలిసిన ప్రొఫెసరుగారు ఎదురై, "ఏమయ్యా, జపం మొదలుపెట్టావా?" అనడంతో లెక్క పోయి మళ్ళీ మొదటి నుంచి నడవాల్సొచ్చింది. ఎట్లా చూసినా రోజుకు ఎనిమిది వేలకు మించదు. మరి మిగతా పదమూడు వేలు ఎక్కడివి? (గమనించారో లేదో, ఆ రోజు నేను నిజంగానే బోలెడు అడుగులు వేశాను. వాటిని లెక్కపెట్టాల్సిన యంత్రం మాత్రం కాక నడుముకుంది.)

తర్వాతి సోమవారం కాక వెనకే బయల్దేరాను. బండి మీద వెళ్తే చప్పుడు, కాబట్టి నడకే. కాక అకౌంట్సులో ఫైళ్ళిచ్చాడు, పరిపాలన భవనంలో సంతకాలు తీసుకున్నాడు. అక్కణ్ణుంచి వెనక్కి రావాల్సినవాడు లైబ్రరీ వెనక కాలిబాట పట్టి హాస్టళ్ళ వైపు తిరిగాడు. నేను ఒక చెట్టు చాటు నుంచి ఇంకో చెట్టు చాటుకు. హాస్టల్ కింద నిలబడి కాక తల పైకెత్తి కేకేశాడు.

"ఓ తండ్రిపేరు! తండ్రిపేరు తప్పువడ్డ పిల్లగా! ఉన్నవా?"

మూడో అంతస్తు కిటికీలోంచి బనియన్ తొడుక్కుంటూ ఒకడు తొంగిచూశాడు. "ఉన్న కాకా!"

"నీది సంతకమైంది. బీర్వల వెట్టిన. రేపు పదకొండింటికి రా. గిప్పుడు రాకు, ఉత్తగ నిలవడ్తవ్. పుట్టినతేదీ ఏడ?"

"నల్లకుంట పోయిండు కాకా, రూమ్ చూసెటందుకు."

"వస్తే చెప్పు, వానిదింక గాలే. ఊకె రావద్దను."

అక్కణ్ణుంచి అమ్మాయిల హాస్టల్ గేటు దగ్గరున్న వాచ్‌వుమన్‌కు ఒక కబురు. తర్వాత మాణికేశ్వర్ నగర్ సందుల్లో మేడ మీది గదిలో ఉండే ఇద్దరికి ఇంకో కబురు. తర్వాత, నా కాళ్ళు బొబ్బలెక్కి నేను కుంటుతుండగా, తార్నాకకు. అక్కడ బస్టాపు పక్కన ఒక జిరాక్సు దుకాణం ఉంది. జిల్లాల నుంచి పొద్దున్నే బస్సు దిగే పిల్లలంతా ముందు అక్కడే కాగితాలు జిరాక్సు తీయించుకుంటారు. కాక దుకాణమాయనకు చిన్న చీటీ ఇచ్చాడు. దాని మీద పేర్లు లేవు. ‘ఇంటిపేరు లేనామె – రావచ్చు. రెండో ఏడాది మార్కులు – వచ్చే వారం. ఫోటో మారినాయన – రావద్దు.’ దుకాణమాయన దాన్ని గాజుపలక మీద అంటించాడు. అక్కడున్న ఒకమ్మాయి చీటీ చూసి, "అమ్మయ్య, ఇయ్యాల దొరుకుతది" అని పక్కనున్న వాళ్ళ నాన్నతో అంటోంది.

అంతవరకూ నా తెలివితేటల గురించి నాకొక అభిప్రాయం ఉండేది. మిగతా సెక్షన్ల కిటికీల ముందు తిరునాళ్ళలా జనం ఉంటే, మా కిటికీ ముందు ఎప్పుడూ ఇద్దరో ముగ్గురో ఉండేవాళ్ళు. అది నా పనితనమని అందరితో చెప్పుకునేవాణ్ణి. అసలు నా పనితనం ఏమిటో ఆ జిరాక్సు దుకాణం ముందు తెలిసింది. పిల్లలు వచ్చి అడిగితే నేను ప్రతివాడికీ చెప్పే మాట ఒకటే: "రేపు రండి." కాగితం తయారు కాకపోతే రేపు రండి. తయారై బీరువాలో ఉంటే కూడా రేపు రండి! ఎందుకంటే బీరువా గడప అవతల ఉంది, నా కుర్చీ గడప దాటదు. సాయంత్రం కాక వచ్చాక అతనితో తీయించి, మర్నాటికి టేబుల్ మీద పెట్టుకునేవాణ్ణి. నేను వెయ్యని ఆరు అంగల కోసం ఎక్కడో పల్లె నుంచి వచ్చిన పిల్ల మళ్ళీ బస్సెక్కాలి. ఆ పిల్ల మళ్ళీ వట్టిగా రాకూడదని కాక పదమూడు వేల అడుగులు నడుస్తున్నాడు. ఆ అడుగులన్నీ రిజిస్టర్లో నా పేరు పక్కన పడుతున్నాయి.

అప్పుడే పరిగెత్తి వెళ్ళి నిజం చెప్పి ఉండాల్సింది. నేనేం చేశానంటే, తార్నాకలోనే ఉన్నాను కదాని గదికి వెళ్ళి, వేణ్ణీళ్ళలో కాళ్ళు పెట్టుకుని, ‘నెలాఖరు కానిద్దాం, కప్పు ఎటూ వేరేవాళ్ళకు పోతుందిలే, తర్వాత చూద్దాం’ అనుకున్నాను.

కప్పు ఎటూ పోలేదు. రెండో స్థానంలో ఉన్నాయన నాలో సగం కూడా నడవలేదు. హాలు నిండా జనం. నడక సార్ నా భుజం మీద చెయ్యి వేసి, "రిజిస్టర్ చూసి ఆశ్చర్యపోయాను. ఈ యువకుడు తన ఫైళ్ళు తానే మోసుకుంటున్నాడన్నమాట! గుమాస్తాలే ఇంత నడుస్తున్నప్పుడు ఆ సెక్షన్‌కు ప్రత్యేకంగా అటెండరెందుకు? రేపటి నుంచి అతణ్ణి పాత రికార్డుల గదికి వేస్తున్నాను, ఒకచోట హాయిగా కూర్చుంటాడు" అని, నా చేతికి కప్పూ మైకూ ఇచ్చారు. మైకు నా చేతిలో ఉంది. ఒక్క వాక్యం చాలు. నేను మాత్రం ఉదయాన్నే లేవడం గురించి, గోరువెచ్చని నీళ్ళ గురించి, పట్టుదల గురించి పది నిమిషాలు మాట్లాడాను. (ఆ రోజుల్లో నేను ఎనిమిదింటికి ముందు లేచింది లేదు.) చప్పట్లు కొట్టారు. హాలు చివర, అప్పటిదాకా కుర్చీలు మోసి వేసిన కాక గోడకు ఆనుకుని నిలబడి తనూ కొట్టాడు.

మర్నాటి నుంచి మా కిటికీ ముందు జనం మొదలైంది. కబురు చెప్పేవాళ్ళు లేరు కదా, రావచ్చో రాకూడదో తెలీక అందరూ రోజూ వస్తున్నారు. నాలుగో రోజుకు వరస మెట్లు దిగి చింతచెట్టు దాకా పోయింది. ఒక పెద్దాయన కిటికీ చువ్వలు పట్టుకుని, "సారూ, మూడో తాప వచ్చుడు. బిడ్డకు నౌకరీ ఇంటర్వ్యూ ఉన్నది. రేపంటే ఏ రేపు సారు?" అని అడిగాడు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. నేను కుర్చీని గడప దాకా దొర్లించాను. టక్కుమని ఆగింది. లేచాను. గడప దాటి, ఆరు అంగలు వేసి, బీరువా తెరిచాను. వాళ్ళమ్మాయి సర్టిఫికెట్ అక్కడే ఉంది. ఎన్నాళ్ళనుంచి ఉందో సంతకం కింది తేదీ చెబుతోంది.

ఆ మధ్యాహ్నం మేడమ్‌కు అంతా చెప్పేశాను. ఆవిడ కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. "నీ కోసం ఆదివారం ప్రార్థన చేస్తానులే బాబూ. కానీ సోమవారం ఆయన గదికి నువ్వే వెళ్ళాలి. అది నా చేతిలో లేదు" అన్నారు.

సోమవారం వెళ్ళాను. మూడు అంతస్తుల మెట్లెక్కేసరికి ఊపిరి అందలేదు. నడక సార్ నన్ను చూసి, "పరిగెత్తుకుంటూ వచ్చావా! శభాష్!" అని టీ తెప్పించారు. టీ తాగి వచ్చేశాను. రెండోసారి వెళ్తే ఎవరో అతిథులున్నారు. "నేను చెప్పానే, ఈయనే" అని నన్ను నిలబెట్టి చూపించారు. వాళ్ళు నా కాళ్ళ వైపు గౌరవంగా చూశారు. నమస్కారం పెట్టి మెట్లు దిగేశాను. మూడోసారి ఏమైనా సరే చెప్పేద్దామని వెళ్ళేసరికి గదికి తాళం. సార్‌కు బదిలీ అయింది. ఆయన సంతకం చేసిన కాగితం మాత్రం అలాగే ఉంది, దాన్ని మార్చడం ఎవరికీ అవసరం అనిపించలేదు. నేను నోరు తెరిస్తే అవసరమయ్యేదేమో. తెరవలేదు.

ఇక మిగిలింది కాక ముందు నిలబడటం. పాత రికార్డుల గదిలో చెక్కస్టూలు మీద, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. చెప్పులు విప్పి పక్కన పెట్టుకున్నాడు. కాక చెప్పులు విప్పి కూర్చోవడం నేను అదే మొదటిసారి చూడటం.

"కూసునుడు మంచిగనే ఉన్నది సారు. కాళ్ళే ఊకుంటలేవ్" అన్నాడు.

"కాకా, నీ దారి నాకు చెప్పు. కబుర్లు నేను పోయి చెప్తా."

కాక నన్ను పైనుంచి కింద దాకా చూశాడు. "దారి చెప్తా గని, ముందుగాల ఆ బీర్వను గడప ఇవతల వెట్టుకోరాదు? సగం నడక తగ్గుతది."

"నీకు తెలుసా?"

"మీ కుర్చీ గడప దాటదని ఎరుకే గద సారు. ఇన్ని నెలలాయె."

"మరి ఒక్కసారన్న చెప్పలేదేంది?"

"చెప్తే లేస్తుంటిరా?" అన్నాడు కాక. ఎత్తిపొడుపు కాదు. మేఘాలు చూసి వానొస్తదా అని అడిగినట్టు అడిగాడు.

ఆ సాయంత్రమే నలుగురం పట్టి బీరువాను గడప ఇవతలికి మోశాం. మిగిలిన సగం నడక నేను నడిచాను. మొదట్లో హాస్టల్ కింద నిలబడి కేకెయ్యడానికి సిగ్గేసేది. ‘ఓ పుట్టినతేదీ!’ అని గట్టిగా అరవడం రావడానికి నాకు రెండు వారాలు పట్టింది. కాక రెండేళ్ళు ఆ స్టూలు మీద కూర్చుని రిటైరయ్యాడు. నేను రోజూ వెళ్ళి ఎవరెవరికి ఏ కబురు చెప్పానో అప్పజెప్పేవాణ్ణి. జిరాక్సు దుకాణం మర్చిపోయానని తెలిస్తే మాత్రం ఊరుకునేవాడు కాదు. తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చాయి, కాగితాలు ఆన్‌లైన్లోకి పోయాయి, కబుర్ల నడక ఆగిపోయింది. నాకు పేరు మాత్రం మిగిలింది. ‘అప్పట్లో ఛాంపియన్, తర్వాత కూడా నడక మానలేదు’ అని. కప్పు సంగతి కాకతో ఎత్తే ధైర్యం ఇన్నేళ్ళలో ఒక్కనాడూ చెయ్యలేదు.

నిన్న సాయంత్రం కప్పును గుడ్డసంచిలో పెట్టుకుని ఆఫీసు నుంచి మాణికేశ్వర్ నగర్ వెళ్ళాను. కాకకు డెబ్భై దాటాయి. గుమ్మం ముందు నిలబడే ఉన్నాడు. కప్పు చేతిలో పెట్టి, చెప్పాల్సిందంతా కోడలు వింటుండగానే చెప్పాను. ఓపెనింగ్ రోజు నాతోపాటు స్టేజీ మీదికి రమ్మన్నాను.

"కుర్చీలు మోసెటందుకు మనుషులున్నరా, లేకుంటె నేనే రావాల్నా?" అన్నాడు. కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కాక కప్పును అటూ ఇటూ తిప్పి చూసి, నా పేరు మీద బొటనవేలు పెట్టి రుద్ది, "ఇగ పోనీ సారు. ఒకటి చెప్పుర్రి. గా మొదటి దినం ఎన్నయినయని అడిగిన. మీరు చెప్పలే. ఇన్నేండ్ల సంది గదే సోంచాయిస్తున్న. ఎన్ని?" అన్నాడు.

"ఇరవై ఒక్క వేల ఆరు వందల నలభై, కాకా."

కాక ముఖం చిన్నబోయింది. "గంతేనా?" అన్నాడు. కాస్త ఆలోచించి, "ఔ, గా దినం వాన వడ్తుండె. తార్నాక పోలే" అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ గుమ్మంలోనే, "బండేది?" అంది. అప్పుడు గుర్తొచ్చింది. బండి ఆఫీసు స్టాండులోనే ఉంది. మాణికేశ్వర్ నగర్‌కు, కప్పు కాక దగ్గరే వదిలేసి అక్కణ్ణుంచి తార్నాకలో మా ఇంటికి మాటల ధ్యాసలో నడిచే వచ్చేశాను. ఎన్ని అడుగులో చూసుకోలేదు. ఇవాళ పొద్దున బండి కోసం మళ్ళీ నడిచి వెళ్తూ, జిరాక్సు దుకాణం ఉండే చోట (ఇప్పుడు మొబైల్ కవర్లు అమ్ముతున్నారు) కాసేపు ఆగాను. చెమటలు కారుతున్న ఈ నడివయసు మనిషి ఆ దొర్లే కుర్చీ కుర్రాడి కిటికీ ముందుకు వెళ్ళి, తన లెక్క సరిచేయమని అడిగితే వాడు ఏమంటాడో నాకు బాగా తెలుసు. తలెత్తకుండానే, ఎంతో మర్యాదగా, "రేపు రండి సార్" అంటాడు.